షాక్ నిర్ధారణ కానందున

మా పత్రికలో వాన కురిసి పద్నాలుగు నెలలైంది.

ఊళ్లో కురవలేదని కాదు. మొన్న ఆషాఢంలో మా ఆఫీసు మెట్లదాకా నీళ్లొచ్చి నా స్కూటరు సైలెన్సర్లోకి కప్ప దూరింది. కానీ ‘దుందుభి’ దినపత్రికలో వాన కురవదు, షాకిస్తుంది. ఎండ కాయదు, షాకిస్తుంది. టమాటా ధర పెరిగితే కొనేవాడికి షాక్, తగ్గితే రైతుకు షాక్, పెరగకా తగ్గకా ఉన్నచోటే ఉంటే ‘కదలకుండా షాకిచ్చిన టమాటా’. ఈ చివరి శీర్షిక పెట్టిన మహానుభావుణ్ణి నేనే. నా పేరు దివాకరం, ఇరవై రెండేళ్లుగా డెస్కులో సబ్ ఎడిటర్ని. ఆ రోజు సిగ్గుతో నాకు అన్నం సయించలేదు. మర్నాడు ‘వారపు ఉత్తమ షాక్’ అని నా చేతిలో ప్రశంసాపత్రం పెట్టి ఫొటో తీశారు.

ఇదంతా మాకు కంటెంట్ డైరెక్టరుగా వచ్చిన చక్రధర్ గారి చలవ. అంతకుముందు ఆయన పదకొండేళ్లు తలనూనెలు అమ్మారు. వచ్చిన మూడో రోజునే మమ్మల్నందర్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి గోడమీద బొమ్మలేశారు.

“మిత్రులారా, మనం వార్తలు అమ్మడం లేదు. ఎమోషన్ డెలివరీ చేస్తున్నాం,” అన్నారు.

బస్టాండులో నలభైమంది పాఠకుల్ని పట్టుకొచ్చి, వాళ్ల కళ్లకెదురుగా కెమెరాలు పెట్టి పరిశోధన చేయించారట. ‘తాగునీరు’ అన్న మాట మీద పాఠకుడి చూపు సెకనులో ఐదో వంతు ఆగిందట. ‘అభివృద్ధి’ మీద అసలు ఆగనే లేదట. ‘షాక్’ మీద మాత్రం ఒకటిన్నర సెకను నిలబడిపోయిందట.

మా సంపాదకులు అవధానిగారు నెమ్మదస్తులు. ఆయన గొంతు సవరించుకున్నారు. “చూపు ఆగినంత మాత్రాన చదివినట్టా అండీ?”

“చదవడం అనేది పాతకాలపు బిహేవియర్ సార్,” అన్నారు చక్రధర్ గారు జాలిగా. “మనకి కావలసింది ఆగడం.”

అవధానిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి కోపమొచ్చినా దుఃఖమొచ్చినా చేసే పని అదొక్కటే.

సాయంత్రానికి సర్క్యులరొచ్చింది. రేపటినుంచి ప్రచురించే ప్రతి వార్త శీర్షికలోనూ ‘షాక్’ అను పదము విధిగా ఉండవలెను. తీవ్రతను బట్టి ఆరు తరగతులు: షాక్, బిగ్ షాక్, భారీ షాక్, ఊహించని షాక్, దిమ్మతిరిగే షాక్, మామూలు షాక్ కాదు. ఇందులో ఆరోది వాడాలంటే చక్రధర్ గారి సంతకం ఉండాలి. వాణిజ్య ప్రకటనలకు ఈ నిబంధన వర్తించదు.

మొదట్లో కుర్రకారు ఉత్సాహంగానే రాశారు, అబద్ధమెందుకు. నాకూ చేతినిండా పని దొరికింది. పంద్రాగస్టుకి ‘జెండా ఎగరేసి షాకిచ్చిన కలెక్టర్’ అని వేశాం. పాపం ఆయన ఫోన్ చేసి, “ఎగరేయకూడదా అండీ?” అని అడిగారు. ముప్పై ఐదేళ్లు సర్వీసు చేసి, రిటైరయ్యే తేదీ ఉద్యోగంలో చేరిన రోజునే తెలిసిన తహసీల్దారు ఒకాయన ‘సహోద్యోగులకు ఊహించని షాకిచ్చి’ రిటైరయ్యాడు. వంటల పేజీలో గుత్తివంకాయకి కొబ్బరి షాకిచ్చింది. రాశిఫలాలు రాసే సిద్ధాంతిగారు పంచాంగాన్ని నాలుగుసార్లు తిరగేసి, చివరికి గత్యంతరం లేక ‘వృషభరాశి వారికి ఈ వారం షాకులు అనుకూలించును’ అని రాసిచ్చారు. పల్లెల్లో ఉండే మా విలేకరులు ఇవాళ ఏమీ జరగలేదండీ అంటే చక్రధర్ గారు ఒప్పుకునేవారు కారు. ‘ప్రశాంతతతో షాకిచ్చిన గ్రామం’ అని రాసి పంపమనేవారు. అలా ఒక్క నెలలో మా జిల్లాలో పన్నెండు గ్రామాలు ప్రశాంతంగా ఉండి జనాన్ని హడలగొట్టాయి.

షాకులు మితిమీరేసరికి నాణ్యత తగ్గుతోందని యాజమాన్యానికి బెంగ పట్టుకుంది. అప్పుడు పుట్టిందే షాక్ నిర్ధారణ విభాగం. దానికి అధికారి తాతారావు గారు. ఆయన పూర్వాశ్రమంలో ప్రూఫ్ రీడరు. కంప్యూటరొచ్చాక పనిలేక కిటికీ పక్కన కూర్చుని పావురాలకి నూకలేసేవారు. అలాంటి మనిషికి ఒక గది, ఒక గంట, రెండు రబ్బరు స్టాంపులు ఇచ్చారు. ఇక చూసుకోండి! ప్రతి వార్తకీ ఒక ఫారం జతపరచాలి. అందులో మూడు గళ్లు: షాకిచ్చినవారు, షాక్ తిన్నవారు, షాక్ తిన్న తేదీ. మూడూ నిండితే ‘షాక్ నిర్ధారణ అయినది’ అని ఆకుపచ్చ స్టాంపు పడుతుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ‘షాక్ నిర్ధారణ కానందున తిరస్కరించడమైనది’ అని ఎర్ర స్టాంపు పడుతుంది.

సరే, కడుపు కోసం ఎన్ని వేషాలో అనుకుని సర్దుకున్నాను. ఇంతలో ఒక మంగళవారం మధ్యాహ్నం వరహాలు వచ్చాడు.

గొర్లె వరహాలు చింతలగుమ్మలో మా విలేకరి. చిన్న మునిసిపాలిటీ, గంటన్నర బస్సు ప్రయాణం. ఎప్పుడూ ఫోన్లోనే వార్తలు చెప్పే మనిషి, చెమటలు కక్కుకుంటూ స్వయంగా వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“ఇది సూడండి బాబూ,” అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

రాళ్లగెడ్డ కాలనీలో మంచినీళ్ల ట్యాంకు. నలభై ఏళ్ల కిందటిది. ఎనిమిది కాళ్ల మీద నిలబడి ఉంది. ఉత్తరం వైపు రెండు కాళ్లకి సిమెంటు ఊడిపోయి, లోపల ఇనుప చువ్వలు తుప్పుపట్టి బయటికొచ్చాయి. ఒక కాలికి నా చెయ్యి పట్టేంత పగులు. సరిగ్గా దాని కింద ఒక పెంకుటిల్లు, దానికి అంగన్‌వాడీ కేంద్రమని బోర్డు. గుమ్మంలో పలకలు పట్టుకుని పిల్లలు.

“ఇరవయ్యేడు మంది గుంటలండీ,” అన్నాడు వరహాలు. “మా ఇంటిది అప్పలనర్సమ్మే టీచరు. పొద్దున్నే పెచ్చు ఊడి అన్నం గిన్నెలో పడ్డాది. మునిసిపాలిటీకి నాలుగు అర్జీలిచ్చినాం. పేపర్లో ఎయ్యండి బాబూ, మరింకేటీ అడగను.”

“పిల్లల్ని వేరేచోట కూర్చోబెట్టకూడదూ?” అన్నాను.

“కూకోబెట్టింది కదా. రోడ్డవతల పందిట్లో రెండ్రోజులు కూకోబెట్టింది. ఆళ్ల సూపర్‌వైజరమ్మ ఒప్పుకోనేదు. ఆజరు ఫొటోలో కేంద్రం బోర్డు కనిపించాలంట, బోర్డు కనపడకపోతే గుంటలు రానట్టేనంట, గుడ్లు రావంట. దాంతో మల్లీ లోపలికే తెచ్చీసింది. తలుపు కాడ కూకోబెడతంది. ఏటన్నా అయితే తలుపు కాడోలైనా బతుకుతారని.”

నాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే వార్త రాశాను. ఏ అలంకారాలూ లేకుండా, ట్యాంకు ఏ స్థితిలో ఉందో, కింద ఎవరున్నారో, అర్జీలు ఏ తేదీల్లో ఇచ్చారో రాసి, ‘కూలేలా ఉన్న ట్యాంకు, కింద అంగన్‌వాడీ’ అని శీర్షిక పెట్టి, ఫారం జతచేసి తాతారావు గారి గదికి నేనే పట్టుకెళ్లాను.

ఆయన ఫారం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశారు. “శీర్షికలో పదము లేదు. అది సరిదిద్దుకొనవచ్చును. అటుపిమ్మట, షాకిచ్చినవారు, ట్యాంకు. బాగు. షాక్ తిన్నవారు, పిల్లలు. బాగు. తేదీ గడి ఖాళీగా ఉన్నదేమి?”

“ఇంకా పడలేదండీ.”

“పడలేదా? మరి వార్త ఏది?”

“పడుతుంది తాతారావు గారూ. పడకముందే చెప్పాలని వార్త.”

“భవిష్యత్ షాకునకు నా వద్ద గడి లేదు,” అన్నారాయన, నా ముఖం చూసి కాస్త బాధపడుతూనే. “నిబంధన నేను రాసినది కాదు గదా. చిన్నపిల్లలు కనుక ఇది ఐదవ తరగతి, దిమ్మతిరిగే షాక్. అందులో సందేహము లేదు. పడిన తక్షణము పంపండి, జాగు చేయకండి. మొదటి పేజీలో నేను దగ్గరుండి వేయించెదను.”

అని ఎర్ర స్టాంపు వేసి, సిరా ఆరడానికి ఉఫ్‌మని ఊదారు.

ఆ కాగితం పట్టుకుని చక్రధర్ గారి దగ్గరికెళ్లి గట్టిగానే మాట్లాడాను. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. ఆయన మాత్రం నొచ్చుకోలేదు, నాకు గ్రీన్ టీ ఇప్పించారు.

“మీ పాషన్ నాకు నచ్చింది దివాకరం గారూ. దీన్ని ప్రాబ్లంగా చూడొద్దు, ప్రీ-షాక్‌గా చూద్దాం. సినిమాకి టీజర్ ఉంటుంది చూశారూ, అలాగన్నమాట. ఏడో పేజీలో వేసుకోండి. రేపు నిజంగా పడిందనుకోండి, ముందే చెప్పిన దుందుభి అని మళ్లీ వాడుకోవచ్చు.”

గ్రీన్ టీ బల్లమీదే వదిలేశాను. కానీ వార్త పడితే చాలనుకుని, నోరు మూసుకుని వచ్చేశాను.

మర్నాడు ఏడో పేజీలో వచ్చింది: ‘చిన్నారులకు షాకివ్వనున్న ట్యాంక్’. దానికి పైన ‘జడ కత్తిరించి షాకిచ్చిన కథానాయిక’. కింద ‘అత్తకు షాకిచ్చిన అరిసెలు’. పక్కన ‘గేదెకు కవలలు: యజమానికి డబుల్ షాక్’. మొత్తం ఆ రోజు పత్రికలో నూటపద్నాలుగు షాకులున్నాయి, నేనే లెక్కపెట్టాను.

వరహాలు ఆ పేపరు మడిచి పట్టుకుని మునిసిపల్ ఇంజినీరు దగ్గరికి వెళ్లాడు. ఏం జరిగిందో సాయంత్రం ఫోన్లో చెప్పాడు.

“ఆ ఇంజినీరు బాబు నవ్వీసినాడండి. ‘వరహాలూ, మీ పేపరు నాకు ఈ నెల్లో పదిహేడు షాకులిచ్చింది. కుళాయి వాషరు పోతే షాకిచ్చాడన్నారు, వాషరు వేస్తే షాకిచ్చాడన్నారు. పద్దెనిమిదోది కూడా తింటాను గానీ అక్కడ పెట్టి వెళ్లు’ అన్నాడు. పేపరు ఆయన బల్ల మీద ఎట్టీసి వచ్చీసినానండి.”

“కాలనీలో జనం ఏమన్నారు?”

“గుంటల్ని పంపకండర్రా అని ఇల్లిల్లూ తిరిగినాను. పేపరు సూపించినాను. పైడమ్మని ఒకావిడ, ఇద్దరు గుంటలు ఆవిడకి, ‘మొన్న మునక్కాడ షాకిచ్చిందని రాసిన పేపరే కదేటిది’ అని నవ్వింది. కూలికెల్లాల కదండీ ఆళ్లు, గుంటల్ని ఎక్కడ ఒగ్గీసి ఎల్తారు?” అన్నాడు. “మీరు రాసింది అబద్ధం కాదు బాబూ. కానీ నమ్మరండి.”

ఫోన్ పెట్టేసి నా కుడిచెయ్యి చూసుకున్నాను. కదలని టమాటాకి షాక్ అంటగట్టిన చెయ్యి ఇదే. ఇంజినీరు నవ్వడంలో నా వాటా కూడా ఉంది. ఆ సంగతి వరహాలుకి తెలుసు, పెద్దమనిషి గనక అనలేదు.

మర్నాడు పొద్దున్నే క్షవరానికి వెళ్లాను. సెలూన్లో ముగ్గురు పెద్దవాళ్లు బెంచీ మీద కూర్చుని దుందుభి చదువుతున్నారు. ఒకాయన మొదటి పేజీ తిరగేశాడు, రెండు, మూడు, ఏడు, అన్నీ ఊకలా దులిపేసి ఎనిమిదో పేజీ దగ్గర ఆగాడు. కళ్లజోడు సరిచేసుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. శ్రద్ధాంజలి పేజీ! గుండ్రంగా ఫొటోలు, చుట్టూ పూలదండ బొమ్మ, కింద శోకతప్త కుటుంబసభ్యుల పేర్లు. మంగలి కత్తి ఆపి మరీ వింటున్నాడు.

“వార్తలు చదవరా అండీ?” అని అడిగాను, నేనెవరో చెప్పకుండా.

“ఏం వార్తలండీ నా మొహం,” అన్నాడాయన. “పేపరంతా దొబ్బుడాయి. ఈ ఒక్క పేజీయే నిజం చెబుతుంది. పోయాడంటే పోయినట్టే. పెద్దకర్మ భోజనాలు ఫలానా హాల్లో అంటే ఫలానా హాల్లోనే. ఇందులో ఒక్కసారి కూడా మోసపోలేదు.”

సగం క్షవరంతోనే లేచి ఆఫీసుకి పరిగెత్తాను.

ప్రకటనల విభాగం చూసేది మేరీ సుజాత గారు. శ్రద్ధాంజలి తెచ్చినవాళ్లతోపాటు తనూ ఒక కన్నీటిచుక్క రాల్చి, తర్వాత రసీదు రాసిచ్చే మంచి మనిషి.

“ఎనిమిదో పేజీకి షాక్ విభాగం స్టాంపు కావాలా అండీ?” అన్నాను.

“ప్రకటనలకి అక్కర్లేదు కదా సార్.”

“చనిపోయినట్టు కాగితం ఏదైనా అడుగుతారా?”

“ఏడుస్తూ వచ్చినవాళ్లని కాగితాలు అడుగుతామా? ఫొటో, పేరు, వయసు, కుటుంబసభ్యుల పేర్లు ఇస్తే చాలు.” ఆవిడ ముఖం అప్పుడే సానుభూతిగా మారిపోయింది. “ఎవరు సార్ పోయింది?”

“ట్యాంకు.”

ఫోన్లో ఫొటో చూపించి, విషయమంతా చెప్పాను. తలుపు దగ్గర కూర్చోబెడుతున్న సంగతి చెప్పినప్పుడు ఆవిడ కలం కింద పెట్టేశారు. కొంచెంసేపటికి మళ్లీ తీసుకుని, “వయసెంత?” అన్నారు.

“నలభై.”

“చిన్న వయసే,” అని రాసుకున్నారు.

వరహాలుకి ఫోన్ చేసి పిల్లల పేర్లు చదవమన్నాను. వాళ్లావిడ హాజరుపట్టీ తెచ్చి ఒక్కొక్క పేరే చెప్పింది. ఆవిడ చెబుతుంటే వెనక పిల్లలు ‘ఉన్నాను టీచర్’ అని అరుస్తూనే ఉన్నారు, హాజరు పిలుస్తోందనుకుని. ఇరవై ఏడు గొంతులూ విన్నాను.

శనివారం ఎనిమిదో పేజీలో, పూలదండ మధ్య, ఎనిమిది కాళ్ల ట్యాంకు ఫొటోతో ఇలా వచ్చింది.

‘అశ్రునయనాలతో. చింతలగుమ్మ, రాళ్లగెడ్డ కాలనీ మంచినీళ్ల ట్యాంకు. వయసు నలభై ఏళ్లు. ఉత్తరం వైపు రెండు కాళ్లు ఇప్పటికే కాలం చేశాయి. మిగిలిన శరీరం ఏ రోజైనా పోవచ్చు. పోయేటప్పుడు కింద ఉన్న అంగన్‌వాడీ మీద పడుతుంది. పరామర్శకు వచ్చే బంధుమిత్రులు దయచేసి ముందే రండి. వచ్చి మీ పిల్లల్ని తీసుకెళ్లండి. మేము పోయాక మా ఫొటోలు ఈ పేజీలో వేయించకండి. ఇట్లు, శోకతప్తులు:’

కింద ఇరవై ఏడు పేర్లు. చందు, మూడేళ్లు. లోహిత, నాలుగేళ్లు. దుర్గాప్రసాదు, రెండున్నర. అలా చివరిదాకా.

పొద్దున్న ఎనిమిది గంటలకి వరహాలు ఫోన్ చేశాడు. వెనక జాతరలా ఉంది.

“జనం వచ్చీసినారు బాబూ! ఊరు ఊరంతా వచ్చీసింది! టీకొట్టు కాడ ఎవరో పైకి సదివినారంట. పేరు పేరునా సదివినారంట. పైడమ్మ సేతిలో తట్ట ఒగ్గీసి పరిగెత్తుకొచ్చింది, ఇద్దర్నీ సంకలో ఏసుకుపోయింది. ‘నా గుంటల పేర్లు సావు పేజీలో ఎయ్యడానికి నువ్వెవడివిరా’ అని నన్ను సెడామడా తిట్టిందండి.”

“తిట్టనీ. పిల్లలు?”

“ఒక్క గుంట కూడా నేదండి లోపల. అందరూ తీసుకెళిపోనారు.” అతను ఫోన్లోనే ఏడ్చేశాడు. నాకూ ఆగలేదు. మేరీ సుజాత గారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తనూ ఏడ్చారు.

తరువాత జరిగింది మా వాళ్ల పద్ధతే. శ్రద్ధాంజలి చూశాక పరామర్శకు వెళ్లకపోతే బాగుండదు కదా. పెద్దవాళ్లు ట్యాంకుకి పదిగజాల దూరంలో నిలబడి దణ్ణం పెట్టారు. ఎవరో పగిలిన కాలి మీదికి దండ విసిరారు. అక్కడినుంచి గుంపుగా ఇంజినీరు గారింటికి వెళ్లి, ఆయన టిఫిను తింటుండగా, “పెద్దదిక్కు పోయింది, ధైర్యంగా ఉండండి” అని ఒక్కొక్కరే చెయ్యి పట్టుకుని ఓదార్చారు. నూట ముప్పైమంది ఓదార్చాక ఆయనకి నవ్వు రాలేదు. పదకొండు గంటలకల్లా ట్యాంకు ఖాళీ చేయించి, చుట్టూ తాడు కట్టించి, అంగన్‌వాడీని సంఘం హాలుకి మార్పించారు. అన్నట్టు, సూపర్‌వైజరమ్మ కోరినట్టుగానే కేంద్రం బోర్డు ఊడదీసి హాలుకి తగిలించారు. ఆ ఉపాయం అంతవరకూ ఎవరికీ తట్టలేదు.

నాలుగో రోజు, బుధవారం పది నలభైకి ట్యాంకు కూలింది. పెంకుటిల్లు నేలమట్టమైంది. తలుపు కాడ కూడా ఏమీ మిగల్లేదని వరహాలు చెప్పాడు. పిల్లలు ఆ సమయానికి సంఘం హాల్లో గుడ్లు తింటున్నారు. ఒక్క కోడిపిల్లకి కూడా గీత పడలేదు.

నేను ఆనందంగా వార్త రాసుకుని తాతారావు గారి దగ్గరికి వెళ్లాను. ఈసారి తేదీ గడి నింపాను, గంటా నిమిషాలతో సహా.

ఆయన సంతోషించారు. “పడినదన్నమాట. శుభం. షాక్ తిన్నవారు?”

“ఎవరూ లేరండీ. ముందే తెలుసుగా. అందరూ దూరంగా నిలబడి చూశారు.”

“ఎవ్వరునూ ఉలికిపడలేదా?”

“లేదు. పడగానే చప్పట్లు కొట్టారు.”

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. నాకు సాయం చేయాలనే ఉంది పాపం. “కనీసము ఆ కోడిపిల్ల?” అని కూడా అడిగారు. చివరికి నిట్టూర్చి ఎర్ర స్టాంపు తీశారు. షాక్ నిర్ధారణ కానందున తిరస్కరించడమైనది.

అలా ఆ ట్యాంకు పడకముందు షాక్ ఇంకా రాలేదు గనక, పడ్డాక షాక్ ఎవరూ తినలేదు గనక, కూలిన కబురు మా పత్రికలో ఈనాటికీ రాలేదు. మా పాత సంచికలు తిరగేసేవాళ్లకి అది అనారోగ్యంతో సహజంగా పోయినట్టే ఉంటుంది.

చక్రధర్ గారు పిలిస్తే ఉద్యోగం ఊడిందనే వెళ్లాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. క్రమశిక్షణ ఉల్లంఘించినందుకు ఒక మెమో, వినూత్న ఆలోచనకు ఒక ప్రశంసాపత్రం, రెండూ ఒకే కవర్లో పెట్టి ఇచ్చారు.

“శనివారం ఎనిమిదో పేజీ మీద చూపు ఎంతసేపు ఆగిందో తెలుసా? నలభై ఒక్క సెకన్లు! పద్నాలుగు నెలలుగా మనం ఒక బంగారు గనిని ఖాళీగా వదిలేశాం దివాకరం గారూ. అంతమంది ఆగే పేజీలో మన పదం ఒక్కసారి కూడా లేదు. ఊహించగలరా?”

ఊహించగలిగాను. మర్నాటినుంచి శ్రద్ధాంజలికీ నిబంధన వర్తించింది. ‘స్వర్గస్థులైనారు’ అనరాదు. మేరీ సుజాత గారు కళ్లు తుడుచుకుంటూ వేసిన మొదటి ప్రకటన, తొంభై ఒకటో ఏట నిద్రలో పోయిన లెక్కల మాస్టారిది: ‘కుటుంబానికి ఊహించని షాకిచ్చిన తాతయ్య’. వారం తిరక్కుండా సెలూన్లో ముగ్గురు పెద్దలూ ఎనిమిదో పేజీని కూడా దులిపేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు దుందుభి పరుచుకుని దానిమీద మరమరాలు పోసుకు తింటున్నారు.

నిన్న మధ్యాహ్నం వరహాలు మళ్లీ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. ట్యాంకు పెద్దకర్మకి కాలనీవాళ్లు పిల్లలందరికీ బూరెలు పెట్టారట, నాకోసం నాలుగు పొట్లం కట్టి తెచ్చాడు. పైడమ్మ పంపిందట. తర్వాత జేబులోంచి ఇంకో పొట్లం తీసి బల్లమీద విప్పాడు. బూడిదరంగు పెళ్ల. వేళ్లతో నొక్కితే పొడై రాలింది.

“కొత్త ట్యాంకు కాలుదండి,” అన్నాడు. “కడతన్నారు. పాత ట్యాంకుకి మరమ్మతులు సేసీసినానని రాసుకున్న కంట్రాక్టరే దీనికీ. సిమెంటు నేదు, వట్టి ఇసక. కిందనే అంగన్‌వాడీకి కొత్త బిల్డింగు ముగ్గేసినారు. స్థలం అదే కదా అంటన్నారు. ఏ పేజీలో ఏద్దామండీ ఈసారి?”

ఆ రోజు పత్రిక తీసి మొదటి పేజీనుంచి వెతకడం మొదలుపెట్టాను. సంపాదకీయంలో షాక్ ఉంది. రాశిఫలాల్లో ఉంది. సినిమా ఆటల వేళల్లో ఉంది. ఎనిమిదో పేజీలో పదకొండు మంది చచ్చిపోయి పదకొండు షాకులిచ్చారు. చివరి పేజీకి వచ్చేశాను, వరహాలు నా ముఖంలోకే చూస్తున్నాడు.

ఎప్పుడు వచ్చి నిలబడ్డారో, అవధానిగారు నా భుజం మీదుగా వంగి చివరి పేజీ అట్టడుగున వేలు పెట్టారు. అక్కడ గోరంత అక్షరాల్లో ఒక లైను ఉంటుంది. ఈ పత్రికను ఎవరు ముద్రించారో, ఎక్కడ ముద్రించారో, సంపాదకుడెవరో చట్టప్రకారం రోజూ వేయాల్సిన లైను.

“ఇందులో మార్పు చేసే అధికారం వాళ్లెవరికీ లేదు,” అన్నారు. “ఇది నా పేరు మీద ఉంది. రేపు ఏదైనా అయితే జైలుకెళ్లేది నేనే గదా, రాసేది కూడా నేనే రాస్తాను.”

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని నా కలం అడిగి తీసుకున్నారు. “ఆ కంట్రాక్టరు పేరు చెప్పు నాయనా వరహాలూ. ఇంటిపేరుతో సహా చెప్పు.”

కాబట్టి అయ్యా, అమ్మా, మీరు దుందుభి కొనేవాళ్లయితే ఇకనుంచి అన్ని పేజీలూ వదిలేసి చివరి పేజీ అడుగున ఉన్న ఆ లైను ముందు చూడండి. సన్న అక్షరాలు, కళ్లజోడు పెట్టుకోండి. ఆ లైను పొడుగెక్కిన రోజు, మీ పిల్లలు ఎక్కడున్నారో ఒకసారి చూసుకోండి.